ఏనుగును, అంకుశమును

మన పట్టణములలో ఇటలీ మోటారు సైకిలును జూచి నిలిచిపోని యువకుడు లేడు. అందమైన యంత్రమును వలచుట దోషమని మేమనము. కాని వలచుట వేఱు, ఏలుకొనుట వేఱు.

బొలోనా నగరమున 1926లో డుకాటి సోదరులు నెలకొల్పిన సంస్థ మొదట రేడియో పరికరముల భాగములను జేసెడిది. 1944లో దాని కర్మాగారము బాంబులపాలయ్యెను. యుద్ధానంతరము సైకిలునకు దగిలించు చిన్న యింజనును జేయుచు అది మరల లేచి నిలిచెను. ఆ సంస్థ 1992లో కొలోన్ ప్రదర్శనమున చూపిన బండియే 'మాన్‌స్టర్'. దీనికి రూపమిచ్చిన మిగ్వెల్ గలూచి, సంస్థకు అప్పటికే యున్న ఒక బండి యింజనును మఱియొక బండి చట్రపు పోలికతో గూర్చి, పైతొడుగులు విడిచి, లోని యంత్రమునే సొగసుగా జూపెను. ఉన్న వస్తువులతోనే క్రొత్తదానిని సృష్టించిన యా నేర్పు మనము గ్రహింపదగినది.

ఇక కొనువారి సంగతి. 2021లో వెలువడిన మాన్‌స్టరునకు 937 సి.సి. యింజను, 111 గుఱ్ఱముల శక్తి గలవు. సామాన్యమైన యింజనులలో కవాటమును మూయునది స్ప్రింగు. దీనిలో తెఱచుటకొక మీట, మూయుటకొక మీట. కావున ఎనిమిది కవాటములకు పదునాఱు సందులను కొలిచి సరిచూడవలయును. 30,000 కిలోమీటర్లకొకసారి వచ్చు నీ పని వీథిమొగను గల మరమ్మతు కొట్టువానికి సాధ్యము గాదు. కనుక కొనువాడు మొదట విచారింపవలసినది వేగము గాదు: సంస్థవారి కర్మశాల తన యూరికెంత దూరము? విడిభాగమెన్ని దినములకు వచ్చును? కంతులు కట్టిన పిమ్మట చక్రములకు, భీమాకు, శిరస్త్రాణమునకు సొమ్ము మిగులునా? ఇవి యడుగక కొనుట ఏనుగును గొని యంకుశమునకు బేరమాడుట వంటిది. అట్టి బండి సంవత్సరము తిరుగకముందే గుడ్డ కప్పుకొని మూలబడును. అప్పు మాత్రము నడచుచునే యుండును.

దేశమునకు గూడ నిందు ఒక పాఠము గలదు. 1972లో స్థాపితమైన స్కూటర్స్ ఇండియా సంస్థ ఇటలీలోని లాంబ్రెటా కర్మాగారపు యంత్రసామగ్రిని గొని లక్నోకు దెచ్చెను. కొంతకాలము స్కూటర్లు తయారయ్యెను. తుదకు ఆ తయారీయే నిలిచిపోయెను. యంత్రమును వెలకు దేవచ్చును. దానిని నానాటికి మెఱుగుపఱచు బుద్ధిని వెలకు దేలేము.

కావున స్తోమత గలవారు కొనవచ్చును, మేము వలదనము. అయితే అట్టి యింజనొకటి మన సాంకేతిక పాఠశాలల బల్లలపైకి గూడ రావలయును. మన బాలురు దానిని విప్పి, కొలిచి, మరల బిగింపవలయును. బండి నెక్కుటకు ధనము చాలును. అట్టిదానిని జేయుటకు విద్య కావలయును. మొదటిదానికై పడు తహతహలో సగమైనను రెండవదానికై పడిననాడు, పరదేశపు అద్దాల దుకాణము ముందు మన యువకుడు నిలిచిపోవలసిన యవసరముండదు.