సికిల్ సెల్ పిల్లలకు గురుకులాల్లో భరోసా ఏదీ?

సీతారాండేరా (జంషెడ్‌పూర్): ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న పిల్లలు ఇంటికి దూరంగా ఉండి చదువుకోవాల్సి వస్తే, వారి బాధ్యత ఎవరిది? గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ పరీక్షలు విస్తరిస్తున్న వేళ ఈ ప్రశ్న మరింత కీలకమవుతోంది. సీతారాండేరాలో నివసించే బిడ్డకు అర్ధరాత్రి నొప్పి మొదలైతే టాటా మెయిన్ హాస్పిటల్, మహాత్మా గాంధీ స్మారక వైద్య కళాశాల ఆస్పత్రి అదే నగరంలో ఉన్నాయి. కొల్హాన్ అడవుల్లోని వసతి గృహంలోనో, పార్వతీపురం మన్యం గురుకులంలోనో ఉన్న బిడ్డకు ఆ వెసులుబాటు లేదు.

సికిల్ సెల్ వంశపారంపర్య రక్తవ్యాధి. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి, సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. తగినంత నీరు తాగకపోవడం, చలి, జ్వరం, అధిక శ్రమ తీవ్రమైన నొప్పికి దారితీస్తాయి. గిరిజనుల్లో ప్రతి 86 జననాల్లో ఒకరికి ఈ వ్యాధి ఉంటుందని కేంద్ర ప్రభుత్వ అంచనా. 2047 నాటికి దీన్ని నిర్మూలించే లక్ష్యంతో 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ జాతీయ మిషన్‌ను ప్రారంభించారు. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది ప్రణాళిక. ఝార్ఖండ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడూ అందులో ఉన్నాయి.

పరీక్షతో వ్యాధి బయటపడుతుంది, కానీ బిడ్డను కాపాడేది ఆ తర్వాతి రోజువారీ సంరక్షణే. వేళకు హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ మాత్రలు, శుభ్రమైన నీరు, జ్వరం రాగానే వైద్యం అందాలి. ఇంట్లో ఈ పనులన్నీ తల్లి చూసుకుంటుంది. గురుకులంలో వందల మంది పిల్లల మధ్య ఇవి ఒక్క వార్డెన్ వల్ల అయ్యేవి కావు.

వ్యవస్థ బలహీనత ఇప్పటికే బయటపడింది. 2025 అక్టోబరులో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు వ్యాపించి, వందకు పైగా విద్యార్థినులు ఆస్పత్రుల పాలయ్యారు. ఇద్దరు బాలికల మరణం రాష్ట్రాన్ని కలచివేసింది. ఆరోగ్యవంతులైన పిల్లలనే ఇంతగా కుంగదీసిన పరిస్థితిని సికిల్ సెల్ ఉన్న బిడ్డ తట్టుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఇలాంటి పిల్లలకు ప్రత్యేక బడులు పెట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. బెర్లిన్ సమీపంలోని షార్లాటెన్‌బర్గ్‌లో 1904లో రక్తహీనత, క్షయ ముప్పు ఉన్న పిల్లల కోసం అడవి బడి తెరిచారు. ఆరుబయట పాఠాలు, పోషకాహారం, విశ్రాంతి దాని ప్రత్యేకతలు. 1945 నాటి బ్రిటన్ విద్యా నిబంధనలు ‘సుకుమార ఆరోగ్యం’ గల పిల్లలను ప్రత్యేక వర్గంగా గుర్తించాయి. వారికోసం వసతి పాఠశాలలూ నడిచాయి. మందులు, టీకాలు, జీవన పరిస్థితులు మెరుగుపడ్డాక వాటి అవసరం క్రమంగా తగ్గిపోయింది.

భారత్‌లో అలా వేరుచేయడం సరైన మార్గం కాబోదు. సికిల్ సెల్ పిల్లలు ఒకచోట కాక వేలాది గూడేల్లో ఉన్నారు. ప్రత్యేక బడి పెడితే ఊరికి మరింత దూరమవుతారు, వ్యాధి ముద్ర కూడా పడుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో సికిల్ సెల్‌ను చేర్చింది. తోటి పిల్లలతో కలిసి చదివే సమ్మిళిత విద్యనే అది కోరుతోంది. అందువల్ల ఇప్పుడున్న గురుకులాలనే ఈ పిల్లలకు తగినట్లు మార్చాలి.

అందుకు తొలి అవసరం నర్సు. ఏకలవ్య ఆదర్శ గురుకులాల్లో 7,267 పోస్టుల భర్తీకి 2025లో వెలువడిన ప్రకటనలో 550 స్టాఫ్ నర్సు పోస్టులు ఉన్నాయి. కొరత ఏ స్థాయిలో ఉందో ఈ సంఖ్యే చెబుతోంది. రాష్ట్రాల ఆశ్రమ పాఠశాలల్లోనూ ఇదే ప్రాధాన్యం ఉండాలి. ప్రవేశ సమయంలోనే రక్తపరీక్ష ఫలితం గోప్యంగా నమోదై, బిడ్డ బడి మారినా ఆ వివరం వెంట వెళ్లాలి. నీటి పరీక్ష నెలనెలా జరగాలి. సమీప రక్తనిధి, అంబులెన్సు వివరాలు వార్డెన్ వద్ద సిద్ధంగా ఉండాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏటా ఒకసారి వచ్చే వైద్య బృందం సందర్శన ఈ పిల్లలకు చాలదు.

చదువు కోసం ఆరోగ్యాన్ని, ఆరోగ్యం కోసం చదువును వదులుకోవాల్సిన స్థితి ఏ గిరిజన కుటుంబానికీ రాకూడదు. సికిల్ సెల్ మిషన్ విజయాన్ని పరీక్షల లెక్కతోపాటు, వ్యాధి తేలిన పిల్లల్లో ఎందరు పదో తరగతి పూర్తిచేశారన్న దానితోనూ కొలవాలి.