హైస్కూళ్లకు కొత్త పేర్లు కాదు, కొనసాగింపు కావాలి

డాలస్‌లో మన ఊరివాళ్లం నలుగురం కలిసి హైస్కూలుకు ఏదైనా చేద్దామనుకుంటే, మాట ముందుగా డిజిటల్ తెరల మీదికే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో నాకు తెలిసిన ప్రధానోపాధ్యాయులు, మండల విద్యాధికారులు మాత్రం వేరే సంగతి చెబుతారు. ప్రభుత్వ పథకాలను వారు తప్పుపట్టరు. అవి నిలవవన్నదే వారి బెంగ.

నాడు-నేడు సంగతే తీసుకోండి. 2019 నవంబరు 14న మొదలైన ఈ పథకం తొలి విడతలో 15,715 బడులను చేర్చారు. మరుగుదొడ్లు, తాగునీరు, బెంచీలు వచ్చాయి. ఆడపిల్లలకు అదెంత మేలో ప్రధానోపాధ్యాయులే చెబుతారు. కానీ తల్లిదండ్రుల కమిటీతో పాటు సిమెంటు లెక్కలూ, బిల్లులూ చూసుకోవలసిందీ వారే. రెండో విడతలో చాలాచోట్ల గదులు సగంలోనే ఆగాయి. కట్టిన వాటికైనా ఏటా మరమ్మతు ఖర్చు తప్పదు.

చదువు విషయంలో మలుపులు ఇంకా ఎక్కువ. 2022లో వెయ్యి ప్రభుత్వ బడులకు సీబీఎస్‌ఈ అనుబంధం తెచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక, పిల్లలు ఆ పరీక్షకు సిద్ధంగా లేరని చెప్పి, 2025 మార్చిలో రాష్ట్ర బోర్డు పరీక్షే రాయించారు. రెండు నిర్ణయాలకూ సమర్థనలున్నాయి. రెండుసార్లూ తల్లిదండ్రులకు సర్దిచెప్పవలసింది మాత్రం బడి పెద్దలే.

పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ప్రతి ప్రభుత్వమూ మంచి అంకెను తన ఖాతాలో వేసుకుంటుంది. అయితే 2022లో పరీక్ష రాసిన పిల్లలు కరోనా కాలంలో తరగతులు పోగొట్టుకున్నవారు. ఒక్క ఏడాది ఫలితంతో ఒక పథకాన్ని తూచలేం.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోటు మనుషులది. 2018 తర్వాత పెద్ద ఎత్తున టీచర్ల నియామకం 2025 మెగా డీఎస్సీతోనే జరిగింది. పోస్టులు 16,347. మధ్యలో ఆ ఏళ్లన్నీ లెక్కల టీచరు లేని బడిలో ఎనిమిది నుంచి పదికి వచ్చిన పిల్లల సంగతేమిటి? వారికి ఏ కొత్త గదీ బీజగణితం నేర్పదు.

అందుకే సాయం చేయాలనుకునే మనవాళ్లకు నా మాట ఒక్కటే. వస్తువు కొనేముందు ప్రధానోపాధ్యాయుడిని అడగండి. ఖాళీ ఉన్న సబ్జెక్టుకు తాత్కాలిక బోధకుడి జీతం కావచ్చు, మోటారు మరమ్మతు కావచ్చు. ఏది చెప్పినా, కనీసం మూడేళ్లు ఇస్తామని కమిటీకి మాటివ్వండి. ప్రభుత్వాలు మారినా మనం మారకుండా ఉంటే, ఆ బడికి అదే పెద్ద అండ.