మనసు గురించి మొదటి పుస్తకం ఏది?

మనలో చాలామందికి మూడు నాలుగేళ్లకోసారి బడి మారుతుంది. నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు రాగానే టీసీ తీసుకోవడం, కొత్త క్వార్టర్స్‌కి సామాను చేర్చడం, కొత్త క్లాసులో నిలబడి మళ్లీ పేరు చెప్పుకోవడం మనకు అలవాటే. అయినా మొదటి వారం అందరూ మనల్నే చూస్తున్నట్టు ఎందుకు అనిపిస్తుంది? పాత బడిలో గలగలా మాట్లాడినవాళ్లు ఇక్కడికి రాగానే ఎందుకు ముడుచుకుపోతారు? ఇలాంటి ప్రశ్నలే కొందరిని మనస్తత్వ శాస్త్రం పుస్తకాల వైపు నడిపిస్తాయి. అది మంచిదే. కానీ ఏ పుస్తకంతో మొదలుపెడుతున్నామన్నది ముఖ్యం.

ఢిల్లీలో ఆదివారం పుస్తకాల బజారు గురించి మీరు వినే ఉంటారు. ఒకప్పుడు దర్యాగంజ్ ఫుట్‌పాత్‌ల మీద ఉండేది, 2019లో ఆసఫ్ అలీ రోడ్డులోని మహిళా హాట్‌కి మారింది. అలాంటి చోట మనసు గురించి రెండు రకాల పుస్తకాలు కనిపిస్తాయి. ఎదుటివారి మనసు ఇట్టే చదివేయవచ్చనీ, కొద్ది రోజుల్లో మనిషే మారిపోవచ్చనీ చెప్పేవి మొదటి రకం. ఒక విషయాన్ని ఎలా పరీక్షించి తెలుసుకున్నారో వివరించేవి రెండో రకం. మొదటి రకం చదివితే ఉత్సాహం రావచ్చు. కానీ మన తొలి పుస్తకం రెండో రకానిదే కావాలని నా అభిప్రాయం. పుస్తకం చేతికి తీసుకోగానే దాన్ని ఒక్క ప్రశ్న అడగండి: "ఈ మాట మీకెలా తెలిసింది?"

ఉదాహరణకు, అందరూ మనల్నే చూస్తున్నారన్న భావననే తీసుకుందాం. అమెరికాలో థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు దీన్ని పరీక్షించి 2000లో ప్రచురించారు. ఒక విద్యార్థికి ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు వేశారు. అది వేసుకోవడం ఆ వయసువాళ్లకు సిగ్గుగా ఉండేది. తర్వాత, ఇతర విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపారు. దాదాపు సగంమంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజానికి గమనించింది సుమారు నాలుగో వంతు మందే. "భయపడకు" అని వందసార్లు చెప్పడం కన్నా కొత్త క్లాసులో అడుగుపెట్టేవారికి ఈ లెక్క ఎక్కువ ధైర్యమిస్తుంది. అది కాలేజీ విద్యార్థులపై చేసిన ప్రయోగం కదా, మన క్లాసులోనూ అంతేనా అని మీకు సందేహం వచ్చిందా? అయితే మీరు సరిగ్గా చదువుతున్నట్టే.

అందుకే పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ మనస్తత్వ శాస్త్రం పుస్తకంతో మొదలుపెట్టమంటాను. పాఠ్యపుస్తకం కదా అని పక్కన పెట్టకండి. అందులో రెండో అధ్యాయమే పరిశోధన ఎలా చేస్తారన్నది. ఇంగ్లిష్‌లో, హిందీలో ఉంది, ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఈ సబ్జెక్టు అన్ని బడుల్లో ఉండదు. బదిలీ అయితే వెళ్లిన చోట దొరుకుతుందో లేదో చెప్పలేం. పుస్తకం మాత్రం మన వెంటే వస్తుంది.

ఆ తర్వాత వి.ఎస్. రామచంద్రన్, సాండ్రా బ్లేక్స్‌లీ కలిసి రాసిన "ఫాంటమ్స్ ఇన్ ద బ్రెయిన్" (1998) చదవవచ్చు. రామచంద్రన్ కూడా మనలాగే తండ్రి ఉద్యోగం వల్ల మద్రాసులోనూ బ్యాంకాక్‌లోనూ చదువుకున్నారు. చెయ్యి పోయినవారికి ఆ లేని చేతిలోనే నొప్పి పుడుతుంటే, ఆయన ఒక మామూలు అద్దంలో ఉన్న చేతి ప్రతిబింబాన్ని చూపించి కొందరికి ఉపశమనం కలిగించారు. అంత పెద్ద ప్రశ్నకు అంత చిన్న పరికరం!

పేరున్న రచయిత రాశారు కాబట్టి అంతా నిజమేనని కూడా అనుకోవద్దు. నోబెల్ బహుమతి పొందిన డేనియల్ కానెమన్ 2011లో రాసిన ప్రసిద్ధ పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది. అందులో బలహీనమైన పరిశోధనలను అతిగా నమ్మానని 2017లో ఆయనే చెప్పారు. మంచి శాస్త్రం ఇలాగే తనను తాను సరిదిద్దుకుంటుంది.

చివరగా ఒక జాగ్రత్త. నాలుగు పేజీలు చదివి మనకో స్నేహితుడికో జబ్బు పేరు అంటించకూడదు. కొత్త ఊళ్లో మాట్లాడనివాడు భాష రాక ఊరుకున్నాడేమో! బెంగ రోజుల తరబడి తగ్గకపోతే ఇంట్లో చెప్పండి, టీచర్‌కి చెప్పండి. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆ పని పుస్తకం చేయలేదు.

మన లైబ్రరీలో తొమ్మిది, పది తరగతుల అరలో కూడా ఈ పుస్తకాలు రెండేసి ప్రతులు పెట్టాలని కోరుతున్నాను. పదకొండో తరగతి వచ్చేదాకా ఆగాల్సిన ప్రశ్నలు కావివి. బడి మారిన మొదటి రోజే వచ్చేవి.