తప్ప యను మాట

అమెరికాలో బానిసత్వము 1865వ సంవత్సరముతో నంతరించినదని పలువురు చెప్పుదురు. ఆ యేఁటి రాజ్యాంగ సవరణమును తుదివఱకుఁ జదివినవా రట్లు చెప్పఁజాలరు. నేరమునకు శిక్షగాఁ దప్ప నిర్బంధదాస్యము కూడదని యందున్నది. ఆ "తప్ప" యను సందులోనుండి బానిసత్వము మరల నింటిలోనికి వచ్చెను. దక్షిణ రాష్ట్రములు పనిలేక తిరుగుటను సయితము నేరముగాఁ జేసి, నల్లవారిని ఖైదుచేసి, గనుల యజమానులకుఁ గౌలు కిచ్చినవి. అలబామాలో టెన్నెసీ బొగ్గు, ఇనుము, రైలు కంపెనీ ఇట్టి ఖైదీలచేతనే బొగ్గు త్రవ్వించెను. 1907లో దానిని గొన్నది యునైటెడ్ స్టేట్స్ స్టీలు కంపెనీ. ఆ రాష్ట్రమున నీ కౌలు 1928 వఱకు నాగలేదు. బానిసను గొన్నవాఁడు పెట్టిన సొమ్ము పోవునని యైనను వానికిఁ గూడు పెట్టెడివాఁడు. కౌలుఖైదీ చచ్చినచో మఱియొకఁడు వచ్చును!

ఇంతకంటెఁ జోద్యము వినుఁడు. నల్లవారికిఁ బౌరత్వమును సమరక్షణమును నొసఁగుటకై 1868లో పదునాలుగవ సవరణము పుట్టెను. 1886లో సదరన్ పసిఫిక్ రైలు కంపెనీ పన్నువ్యాజ్యమున, కంపెనీలును ఆ సవరణము చెప్పు "వ్యక్తులే" యని సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి వాదము వినకయే పలికెను. తీర్పులో లేని యీ మాటను నివేదకుఁడు దాని తలపైఁ జేర్చఁగా, తరువాతివారు దానినే శాసనముగాఁ గొనిరి. పదేండ్లకు, 1896లో, తెల్లవారి రైలుపెట్టెలోఁ గూర్చుండి పట్టుపడిన హోమర్ ప్లెసీ అదే కోర్టులో నదే సవరణమును జూపెను. వేఱు పెట్టెయు సమానమే యని యేడుగురు తీర్పు చెప్పిరి. కాదన్నవాఁడు హార్లన్ ఒక్కఁడే. ఆయన యొకప్పుడు తానును బానిసల నుంచుకొన్నవాఁడు.