హక్కు, బాకీ, జామీను

జగిత్యాల, సిరిసిల్ల వైపు ఊళ్ళలో గల్ఫ్‌లో ఏ దేశానికి పోయినా "దుబాయ్ పోయిండు" అనే అంటారు. కడప, రాయచోటి వైపు అయితే అంతా "కువైట్". మనిషి దిగింది రియాద్‌లోనా, మస్కట్‌లోనా, అక్కడ ఎవరి కింద పని, చేతికి ఎంత వస్తోంది అన్నది చాలాసార్లు ఇంటివాళ్ళకే సరిగ్గా తెలియదు. ఊరూ అడగలేదు. ఇల్లు ఎన్ని అంతస్తులు లేపాడని మాత్రం అడిగింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ అడగనివాళ్ళలో నేనూ ఉన్నాను.

పంచాయితీలో నిలబడి "అది నా హక్కు" అంటాం. కూలి రాకపోతే "బాకీ" అంటాం, వస్తే "వసూలైంది" అంటాం. అప్పుకు జామీను ఉంటాం, గొడవలో రాజీ పడతాం, కాగితానికి నకలు తీయిస్తాం. హక్కు, బాకీ, వసూలు, జామీను, రాజీ, నకలు అన్నీ అరబ్బీ మాటలే. పారశీకం, ఉర్దూల మీదుగా మన కచేరీల్లోకి, అక్కడినుంచి మన నోళ్ళలోకి వచ్చాయి. న్యాయం అడగడానికి మనకు మాటలిచ్చిన భాష అది. ఆ భాష మాట్లాడే గడ్డ మీదే మన పిల్లలు ఆ మాటలు పలకలేకపోతున్నారు. అక్కడ యజమానిని పిలిచే "కఫీల్" అన్నా జామీనుదారు అనే అర్థం, పరాయిచోట మనిషికి పూచీ పడేవాడని. ఆచరణలో ఎందరికో అతను పాస్‌పోర్టు దాచేసుకునేవాడయ్యాడు. అతని దగ్గర బతకలేక బయటపడి, కాగితాలు లేకుండా దాక్కుని పనిచేసేవాళ్ళకు మనవాళ్ళు వాడే పేరు "ఖల్లివెల్లి".

అలాగని అరబ్బులంటే రాతిగుండెవాళ్ళని తీర్మానించేవాళ్ళతో నేను కలవలేను. బ్రహ్మగుప్తుడి సిద్ధాంతం 8వ శతాబ్దంలో బాగ్దాదుకు చేరితే అక్కడి ఏలికలు దాన్ని అరబ్బీలోకి అనువాదం చేయించుకున్నారు. 9వ శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ మన అంకెలతో లెక్క చేసే పద్ధతిని అరబ్బీలో వివరించాడు. ఆ పుస్తకమే తర్వాత లాటిన్‌లోకి వెళ్ళి యూరపుకు మన అంకెలు నేర్పింది. ఆల్జీబ్రా అన్న పేరు ఆయన ఇంకో గ్రంథం పేరులోంచి, అల్గోరిథం అన్న మాట ఆయన పేరులోంచి పుట్టాయి. ఆయన అరబ్బు కాదు. మధ్య ఆసియాలోని ఖ్వారిజం మూలాలవాడని పేరే చెబుతోంది. గ్రీకు వైద్యాన్ని అరబ్బీలోకి తెచ్చిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ క్రైస్తవుడు. చూపు ఎలా పుడుతుందో ప్రయోగాలు చేసి చెప్పిన ఇబ్నుల్ హైతమ్ బస్రా నుంచి కైరోకు వెళ్ళినవాడు. అంటే ఆ నాగరికత వెలుగులో సగం, బయటినుంచి వచ్చినవాళ్ళకు చోటిచ్చినందువల్ల వచ్చిందే. గల్ఫ్ పాలకులకు మనం గుర్తుచేయాల్సింది వాళ్ళ సొంత చరిత్రనే. కూలివాడికి కూలి ఆలస్యం చేయొద్దని ముహమ్మద్ ప్రవక్త చెప్పిన మాట వాళ్ళకు మనం నేర్పాలా?

మనకూ ఒకటి గుర్తుండాలి. హైదరాబాదులో బార్కస్ ఉంది. యెమెన్‌లోని హద్రామౌత్ నుంచి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన అరబ్బుల బస్తీ అది. పొట్టకూటికి సముద్రం దాటి వచ్చినవాళ్ళే వాళ్ళూ. రంజాన్‌లో మనం వరసకట్టి తినే హలీం వాళ్ళ హరీస్ నుంచి వచ్చిందే. ఉస్మానియా ఆవరణలో 1888 నాటి దాయిరతుల్ మారిఫ్ ఉంది. ఇబ్నుల్ హైతమ్ రచనలు, అల్ బీరూనీ ఖగోళ గ్రంథం, తాళాల వెనుక పడి ఉన్న రాతప్రతుల్లోంచి తీసి, సరిచూసి అచ్చువేసింది ఆ సంస్థే. అంటే అరబ్బు విజ్ఞానాన్ని అరబ్బు లోకానికే అందంగా అచ్చువేసి ఇచ్చిన ఊరు మనది. అలాంటి ఊరినుంచి వెళ్ళిన మనిషి అక్కడ ఒక నంబరుగా ఎందుకు మిగలాలి?

చట్టాలు కదలడం లేదని అనను. 2020లో ఖతార్, యజమాని అనుమతి లేకుండానే పని మారే వీలు కల్పించింది. 2021లో సౌదీ కూడా కొంత సడలించింది, కానీ ఇళ్ళలో పనిచేసేవాళ్ళను పక్కన పెట్టింది. కువైట్‌లో 2015 చట్టం ఇంటిపని మనిషికి వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలంటుంది. నాలుగు గోడల మధ్య ఆ సెలవును లెక్కపెట్టేదెవరు? ఖద్దామాగా, అంటే ఇంటిపనికి, వెళ్ళిన కడప, గోదావరి జిల్లాల ఆడబిడ్డల సంగతి అందుకే వేరు. పదో తరగతి దాటని ఆడవాళ్ళు ముప్పై ఏళ్ళు నిండకుండా ఆ దేశాలకు పనికి వెళ్ళకూడదని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెట్టి, ఆ నిబంధనను పక్కనుంచి దాటిస్తాడు. ఆ ఏజెంటు అరబ్బు కాదు. మన బస్టాండు పక్కన కూర్చునేవాడు, మన పెళ్ళిళ్ళలో ముందు వరసలో భోజనం చేసేవాడు. ఆమె పంపిన డబ్బుతో చెల్లెలి పెళ్ళి జరుగుతుంది, తమ్ముడికి ఆటో వస్తుంది. తిరిగొచ్చాక మాత్రం ఆమె నడవడి గురించి అరుగుల మీద గుసగుసలు. అక్కడ ఆమెను గదిలో పెట్టి తాళం వేసినవాడి పాపం ఎంతో, ఇక్కడ ఆ మాటన్నవాడి పాపమూ అంతే.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు నిద్రపోతున్న భవనం కాలిపోయి, నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. రెండురోజులు టీవీలో చూశాం. ఆ తర్వాత శంషాబాద్ విమానాశ్రయానికి శవపేటికలు వస్తూనే ఉన్నాయి, ఒక్కొక్కటిగా. ఒక్కొక్కటిగా వస్తే వార్త కాదు.

ఎమిగ్రేషన్ అనుమతితో సక్రమంగా వెళ్ళినవాడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్ళకు కట్టేది 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు. ఏజెంటుకు లక్షల్లో అప్పు తెచ్చి కట్టే ఇంట్లో ఈ 275 రూపాయల సంగతి చెప్పినవాళ్ళు ఎందరు? విజిట్ వీసా మీద పోయినవాడికి అదీ లేదు.

అందుకే ప్రతి ఊరి పంచాయతీ ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టమని అడుగుతున్నాను. సర్పంచో, బడి పంతులో, మసీదు కమిటీయో, ఎవరైనా మొదలుపెట్టవచ్చు. పేరు, దేశం, కఫీల్ పేరు, ఇకామా (నివాస అనుమతి) నంబరు, ఏజెంటు ఎవరు, ఎంత కట్టారు, ఒప్పందం కాగితం నకలు. చివరి గడిలో ఇంటికి ఆఖరుసారి ఫోను చేసిన తారీఖు, పెన్సిలుతో. నెలనెలా ఎవరో ఒకరు ఆ ఇంటి తలుపు తట్టి అడిగి, పాత తారీఖు చెరిపి కొత్తది రాయాలి.