యాస వేరైతే భాష వేరా? మాల్డోవా గొడవ నుంచి ఉత్తరాంధ్ర నేర్చుకోవాల్సిందేంటి?

గజపతినగరం: ఆగస్టు 29 మనకు తెలుగు భాషా దినోత్సవం. సరిగ్గా రెండు రోజుల తర్వాత, 31న, యూరప్‌లోని చిన్న దేశం మాల్డోవా కూడా భాషా దినోత్సవం చేసుకుంటుంది. అయితే ఆ భాష పేరేంటన్న దానిపైనే అక్కడ ఏళ్ల తరబడి గొడవ నడిచింది. దాంతో మనకేం పని అంటారా? ఉంది.

పేరు మార్చిన సరిహద్దు

మోల్దావియా ఒకప్పుడు ఒకే రాజ్యం. 1812లో దాని తూర్పు భాగాన్ని రష్యా తీసుకుంది. ప్రూట్ నది సరిహద్దయింది. పడమటి భాగం 1859లో వలాకియాతో కలిసింది, అదే తర్వాత రొమేనియా. నదికి అటూ ఇటూ జనం మాట మాత్రం ఒక్కటే. పుస్తకాల్లో 'బాగా' అనడానికి 'బినె' అని రాస్తే, రెండు ఒడ్డుల పల్లెల్లోనూ 'గిని' అంటారు. సోవియట్ పాలకులు తూర్పు ఒడ్డు యాసకు సిరిలిక్ లిపి తగిలించి, 'మాల్డోవన్' అనే వేరే భాషగా ప్రకటించారు. 1989 ఆగస్టు 31న లాటిన్ లిపి తిరిగొచ్చింది. 2023 మార్చిలో అక్కడి పార్లమెంటు చట్టాలన్నింటిలో భాష పేరును 'రొమేనియన్'గా మార్చింది.

మన దగ్గర ఏం జరిగింది?

సరిహద్దు మనకూ మారింది. గజపతినగరం మీదుగా వెళ్లే రైలు పార్వతీపురం దాటాక ఒడిశాలోకి వెళ్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు రాయగడ, పర్లాకిమిడి, బరంపురం అటు వెళ్లాయి. అక్కడ మిగిలిపోయిన తెలుగువాళ్ల మాటకు ఎవరూ కొత్త పేరు పెట్టలేదు. తెలుగు తెలుగుగానే ఉంది.

మరి మన సమస్య ఏంటంటే చిన్నచూపు. 'ఏటి', 'నాను', 'గుంటడు' అన్న మాటలు సినిమాల్లో ఎక్కువగా కామెడీకే వాడారు. దాంతో చదువుకో, ఉద్యోగానికో బయటికెళ్లిన కుర్రాళ్లు యాస దాచుకుని మాట్లాడుతున్నారు. ఇంటికి ఫోన్ చేస్తేనే అసలు మాట బయటికొస్తుంది.

విచిత్రం ఏంటంటే, జనం మాటకు పుస్తకంలో చోటు కావాలని పోరాడింది ఈ నేలే. 1892లో విజయనగరంలో గురజాడ 'కన్యాశుల్కం' వేదికెక్కింది. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజే మన భాషా దినోత్సవం.

యాసను భాష నుంచి విడగొడితే ఏమవుతుందో మాల్డోవా చూపించింది. భాష ఒకటేనంటూ యాసను తొక్కేస్తే ఏమవుతుందో మన బడుల్లో కనిపిస్తోంది. పరీక్షలో 'నేను' అని రాయమనండి, తప్పులేదు. క్లాసులో 'నాను' అన్న గుంటడిని చూసి మాత్రం నవ్వకండి.