కార్డు ప్రింటరుకూ ఒక నీరుగంటి కావాలి

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అని మన పల్లెల్లో ఒక సామెత ఉంది. పదిమంది సొత్తయిన గొర్రెకు పుండు పడితే మందు రాసేవాడు ఒక్కడూ ఉండడు. కోసుకు తినే రోజున మాత్రం అందరూ వాటాదార్లే. ఒక కార్డు ప్రింటరును నాలుగు కంప్యూటర్లకు ఉమ్మడిగా తగిలించిన ప్రతి ఆఫీసులోనూ నాకు ఈ సామెతే గుర్తుకొస్తుంది.

ప్రేమ మీదా, సమాజం మీదా కవితలు అచ్చయ్యే సంచికలో ఈ ప్రింటరు గోల ఏమిటయ్యా అని మిత్రులు నవ్వుకోవచ్చు. కాని గుర్తింపు కార్డు లేకపోతే ఏమవుతుందో పల్లె నుంచి వచ్చే విద్యార్థిని అడిగి చూడండి. 85.60 మిల్లీమీటర్ల పొడవూ, 53.98 మిల్లీమీటర్ల వెడల్పూ ఉన్న ప్లాస్టిక్కు ముక్క అది. బ్యాంకు కార్డుదీ అదే కొలత. ఆ ముక్క లేనిదే లైబ్రరీలో పుస్తకం రాదు, పరీక్ష హాలు దగ్గర సంజాయిషీ చెప్పుకోవాలి. రాయితీ బస్సు పాసు అడిగినా, చదువుతున్నట్టు రుజువేదీ అంటారు. కార్డు పది రోజులు ఆలస్యమైతే పట్నంలో ఉన్నవాడికి విసుగు. పుంగనూరు అవతలి పల్లె నుంచి రోజూ మదనపల్లెకు బస్సులో వచ్చే పిల్లకు అది పది రోజుల చార్జీలు. టమోటా ధర పడిపోయిన నెలలో ఆ డబ్బు ఇంట్లో ఎలా పుడుతుందో మా లాంటి కుటుంబాలకు తెలుసు.

పోయిన వేసవి సెలవుల్లో కార్డులు అచ్చువేసే ఒక చోట నేను సాయానికి వెళ్ళాను. దాని పేరుతో మనకు పని లేదు. అక్కడ కంప్యూటర్లు నాలుగు, ప్రింటరు ఒక్కటి. ఆ ప్రింటరు తీగ మూలనున్న కంప్యూటరుకు తగిలించి ఉంది. తక్కిన మూడూ నెట్‌వర్కు ద్వారా దాని మీద ఆధారపడేవి. మూల కంప్యూటరు ఆయన భోజనానికి వెళ్తూ స్విచ్చి ఆర్పితే అందరి పనీ ఆగిపోయేది. ఇవతల ఒకరు మీట నొక్కి, కార్డు రాలేదని ఇంకో రెండుసార్లు నొక్కేవారు. ఆయన తిరిగొచ్చి స్విచ్చి వేయగానే ఒకే ముఖంతో మూడు కార్డులు బయటపడేవి. ఇంకొకరు విసిగి వరుసలో ఉన్నవన్నీ రద్దు చేసేవారు. వాటిలో ఎవరెవరి కార్డులు పోయాయో ఎవరికీ తెలియదు. "రేపు రా అమ్మా" అని జవాబు. ఆ రేపు ఎన్నిసార్లు వచ్చిందో అడగకండి.

వృథా అయ్యేది ప్లాస్టిక్కు ఒక్కటే కాదు. రంగుల కార్డు వేసే రిబ్బనులో పసుపు, మెజెంటా, సయాన్, నలుపు, వాటి మీద రక్షణ పూత, ఇలా ఐదు పలకలు వరుసగా ఉంటాయి. ఒక కార్డుకు ఒక వరుస ఖర్చు. పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా ఆ వరుస అంతా పోయినట్టే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వాడేసిన రిబ్బను విప్పి వెలుతురుకు పట్టి చూస్తే అచ్చయిన పేర్లూ, నంబర్లూ అందులో కనబడతాయి. దాన్ని చెత్తబుట్టలో పడేయడమంటే విద్యార్థుల వివరాలను వీధిలో పారబోయడమే. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం మన చెత్తబుట్ట దాకా రావద్దా?

యంత్రం తన వంతు పని తాను చేస్తూనే ఉంది. ప్రతి కంప్యూటరులో స్పూలరు అనే ఏర్పాటు ఉంటుంది. వచ్చిన పనులను వరుసలో నిలబెట్టి ఒక్కొక్కటే ప్రింటరుకు అందిస్తుంది. ఎవరి పని ముందు వస్తే వారిది ముందు. అంతకు మించిన న్యాయం దానికి తెలియదు. 2021లో విండోసు స్పూలరులో "ప్రింట్ నైట్‌మేర్" అనే పెద్ద లోపం బయటపడింది. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన సవరణ తర్వాత, ఉమ్మడి ప్రింటరు డ్రైవరును ఎక్కించుకోవడానికి మామూలుగా అడ్మినిస్ట్రేటరు అనుమతి కావలసి వస్తోంది. అంటే, బాధ్యుడు ఒకడు లేనిదే ఉమ్మడి సాగదని యంత్రమే చెబుతోంది. మనమే వినడం లేదు.

చెరువు కింద సేద్యం చేసిన రైతుకు ఇదేమీ కొత్త పాఠం కాదు. చెరువు ఊరందరిదీ. తూము మాత్రం నీరుగంటి చేతిలో ఉండేది. ఎవరి కయ్యకు ఎప్పుడు మడవ తిప్పాలో అతను తేల్చేవాడు. పార చేతిలో ఉంది కదా అని ఎవడికి వాడు మడవ తిప్పుకుంటే చివరి కయ్య ఎండిపోతుంది. ఆ చివరి కయ్యవాడు ఎప్పుడూ పేదవాడే.

"అయితే ఆఫీసుకొక ప్రింటరు కొంటే పోలా?" అంటారు కొందరు. మన రాయలసీమలో అదీ చూశాం. ఎవరి బోరు వారు వేసుకున్నారు. చెరువును పట్టించుకునేవాడు లేకుండా పోయాడు, నీళ్ళు పాతాళానికి దిగాయి. నాలుగు ప్రింటర్లు కొంటే నాలుగు రిబ్బన్లు, నాలుగు రిపేర్లు, నాలుగు చోట్ల దుమ్ము. "కార్డెందుకు, ఫోనులో చూపిస్తే చాలదా?" అని మరికొందరు. పరీక్ష హాలులోకి ఫోను రానివ్వరు కదండీ!

కుప్పంలో 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ అనే కార్యక్రమం పెట్టాయి. అందులో భాగంగా స్వయం సహాయక సంఘాల మహిళలు కొందరు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, సౌర పలక తీసుకుని పల్లెల్లో ఫొటోలు తీసి అచ్చువేసి ఇచ్చారు. కరెంటు నమ్మకం లేని చోట ఆ పని నడిచిందంటే, ఆ ప్రింటరు ఫలానా మనిషి చేతిలో ఉంది, దాని మీద ఆమె సంపాదన ఉంది గనుక అని నా అభిప్రాయం. 2020 అక్టోబరులో ఆధార్ సంస్థ 50 రూపాయల రుసుముతో ప్లాస్టిక్కు కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆర్డరు దేశంలో ఎక్కడినుంచైనా పెట్టవచ్చు. పెట్టినవారికి ఒక నంబరు వస్తుంది, దానితో కార్డు ఏ దశలో ఉందో చూసుకోవచ్చు. దేశానికి సాధ్యమైంది ఒక కళాశాలకు సాధ్యం కాదా?

కనుక నేను కోరేది ఇది. ప్రింటరును ఎవరి బల్లకో కట్టేయకుండా నేరుగా నెట్‌వర్కుకు కలపాలి. దానికి మారని చిరునామా ఇవ్వాలి. పనులన్నీ ఒకే కంప్యూటరు ద్వారా వెళ్ళాలి, రద్దు చేసే అధికారం ఇద్దరికే ఉండాలి. దరఖాస్తు పెట్టినవారికి నంబరు చీటీ ఇవ్వాలి. అచ్చుకు ముందు పేరూ, ఫొటో విద్యార్థికి చూపించి సంతకం తీసుకోవాలి. మంచి కార్డులెన్ని, చెడినవెన్ని, సాయంత్రానికి పుస్తకంలో లెక్క తేలాలి. వాడిన రిబ్బనును ముక్కలు చేయాలి. పూర్వ విద్యార్థులు ప్రింటరు విరాళమిస్తే సంతోషమే, దానితోపాటు ఏడాదికి సరిపడా రిబ్బన్లు కూడా ఇస్తే ఇంకా సంతోషం.

చివరిగా ఒక మాట. దీనికి కొందరు ఒప్పుకోరని తెలిసే రాస్తున్నాను. వరుస అంటే ముందు వచ్చినవాడికి ముందు అన్న లెక్క ఒక్కటే చాలదు. కొన్ని కాలవల కింద చివరి ఆయకట్టు నుంచి నీళ్ళు మొదలుపెట్టే పద్ధతి ఉంది. అలాగే దూరపు పల్లెల నుంచి వచ్చి సాయంత్రం బస్సుకు పోవలసినవారి కార్డులు ముందు వేయాలి. హాస్టలులో ఉన్నవాడు రేపు తీసుకున్నా వాడికి పోయేదేమీ లేదు. ఇది స్పూలరు చేయలేదు, మనిషే చేయాలి. ఆ మనిషిని నియమించమని అధికారులను అడగవలసింది విద్యార్థి సంఘం. అడ్మిషన్ల నెలలో అతని పక్కన సాయంగా కూర్చోవడానికి నేను సిద్ధం. ఇంకెవరు వస్తారో చెప్పండి.